ఊరందరి ఓటీపీ

మా ఆఫీసుకి ఏ సాఫ్ట్‌వేరు కొనాలో తేల్చడానికి మా బాబాయి పెట్టుకున్న కొలబద్ద నా బుర్ర. "వీడికి అర్థమైతే గేదెక్కూడా అర్థమవుద్దయ్యా, ఇంక మనకి ఢోకా లేదు" అని, అమ్మడానికొచ్చిన ప్రతివాడికీ నన్ను వేలుపెట్టి చూపించేవాడు. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేనే బడిని వదిలేశానో మా ఇద్దరి మధ్యా ఇప్పటికీ తేలలేదు. పదో తరగతి తప్పినవాళ్ళంటే నాకు అసూయ. అంతదాకా వెళ్ళి తప్పారు కదా వాళ్ళు.

మా ఆఫీసు పర్చూరులో, పురుగుమందుల కొట్టు పైన ఒకటే గది. కింద నుంచి మందుల ఘాటు, రోడ్డవతల నుంచి మిర్చి ఘాటు వచ్చి మా గదిలో వియ్యమందుకుంటాయి. కొత్తవాళ్ళెవరైనా ముందు తుమ్మి తర్వాత కూర్చుంటారు. బోర్డు మీద బాబాయి పేరు, దాని పక్కన బీకాం, కింద టాక్స్ కన్సల్టెంట్ అని ఉంటుంది. ఆ బీకాం ఆయనది. టీలు తేవడం, వ్యాపారుల దగ్గర బిల్లులు అడుక్కురావడం, రెండు వేళ్ళతో టైపు కొట్టడం నాది. వీటన్నిటికన్నా పెద్ద ఉద్యోగం ఒకటుంది నాకు. ఓటీపీ ఫోను మొయ్యడం.

దాని సంగతి చెప్పాలి. వ్యాపారి తాలూకు జీఎస్టీ లెక్క సైటులో పెట్టేటప్పుడు ఆఖర్న ఆరంకెల ఓటీపీ వస్తుంది. అది కొడితేనే లెక్క లోపలికి పోతుంది. న్యాయంగా అది ఆ వ్యాపారి ఫోనుకే రావాలి. మా వైపు వ్యాపారికి ఫోన్ చేసి "ఓటీపీ వచ్చింది చూడండి" అంటే, "కాటా దగ్గరున్నా, తర్వాత చెయ్" అని పెట్టేస్తాడు. మనం మళ్ళీ చేసేసరికి ఆ ఓటీపీకి కాలం చెల్లిపోతుంది. ఈ గోల పడలేక బాబాయి జీఎస్టీ వచ్చిన కొత్తలోనే ఒక ఉపాయం చేశాడు. రిజిస్ట్రేషను రాయించేటప్పుడు అందరికీ మా ఆఫీసు నంబరే ఇచ్చేశాడు. మిర్చి వ్యాపారి, పత్తి జిన్నింగు మిల్లు, గోతాల కొట్టు, ఎరువుల కొట్టు, చీరాల్లో చీరలమ్మే షావుకారు, అందరి ఓటీపీలూ ఒకే ఒక్క బటన్ ఫోనుకి. ఆ ఫోను నా చొక్కా జేబులో. మెయిళ్ళు కూడా మేమే తెరిచాం, వాటి పాస్‌వర్డులు మేమే మర్చిపోయాం. అడిగితే "మీ నంబరుకి కోడు పంపాం" అంటాయి. ఆ నంబరూ ఇదే.

ఇది వ్యాపారుల సుఖం కోసమేనని బాబాయి బయటికి చెప్పేవాడు. లోపలి మాట నాకు చెప్పేవాడు.

"ఒరేయ్, పలుపు మన చేతిలో ఉంటే గొడ్డు ఎక్కడికి పోద్దిరా? ఇంకో కన్సల్టెంటు దగ్గరికి పోదామనుకున్నా ఓటీపీ మనదగ్గరుందని గుర్తొచ్చి వెనక్కొస్తారు."

నిజమే. చాలామంది అలా వెనక్కొచ్చారు. ఒకాయనైతే మమ్మల్ని తిట్టుకుంటూ వెళ్ళి, తిట్టుకుంటూనే వచ్చాడు, మధ్యలో ఆపలేదు.

ఇక సాఫ్ట్‌వేరు. పాతది ఒక పాత కంప్యూటర్లో, దాని వెనక గుచ్చిన, పెన్‌డ్రైవు లాంటి వేలెడంత పుల్లతో నడిచేది. ఆ పుల్ల పీకితే తెరుచుకోదు. దాని కంపెనీ వాళ్ళు ఇక మార్పులు పంపలేం అని చేతులెత్తేశారు. ప్రభుత్వమేమో ఫారాలు మార్చడం మానదు. అలా కొత్తది కొనక తప్పని రోజు వచ్చి పడింది.

మొదట ఒంగోలు నుంచి ఒకాయన వచ్చి తన సాఫ్ట్‌వేరు చూపించాడు. వ్యాపారులందరి యూజరు పేర్లూ పాస్‌వర్డులూ ఒకచోట గుచ్చి పెడుతుందట. ఒక్క నొక్కుతో ఎవరి ఖాతాలోకైనా దూరొచ్చు. "క్లయింటుకి ఏమీ తెలియక్కర్లేదండీ" అన్నాడు. బాబాయి మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగింది. "ఏరా, అర్థమైందా?" అంటే, "నాకు అర్థమైంది బాబాయ్, గేదెని కూడా ఒకసారి అడుగుదాం" అన్నాను.

తర్వాత గుంటూరు నుంచి ఇంకో అతను వచ్చాడు. మెడలో టై, ఎండకి ఆ టై కూడా చెమట పట్టింది. కూర్చోగానే తుమ్మి, "ముందు మీ క్లయింట్ల ఫోన్ నంబర్లు చెప్పండి సార్" అన్నాడు. నేను జేబులోంచి బటన్ ఫోను తీసి బల్లమీద పెట్టాను.

"ఇది ఒక క్లయింటు నంబరా సార్?"

"అందరిదీ. మాది ఉమ్మడి కుటుంబం" అన్నాను.

అతను నవ్వలేదు. "మా దాంట్లో ఎవరి నంబరు వాళ్ళదే ఉండాలి సార్. మీరు లెక్క తయారు చేస్తే లింకు వాళ్ళ ఫోనుకి పోతుంది. వాళ్ళు చూసి సరే అంటేనే ముందుకి కదులుతుంది. ఎవరి ఖాతాలోకి మీలో ఎవరు దూరారో కూడా అందులో రాసి ఉంటుంది" అన్నాడు.

"అన్నీ వాళ్ళే చూసుకుంటే మరి నేనెందుకయ్యా?" అన్నాడు బాబాయి. అంటే ఒంగోలాయన సాఫ్ట్‌వేరు ఖాయమైపోయినట్టే. మొహం మీద తలుపెయ్యలేక, "రేపు నాకు ఒంగోల్లో పనుంది, మావాడికి ఇంకోసారి తీరిగ్గా చూపించు. వీడికి అర్థమైతే ఆలోచిద్దాం" అన్నాడు. ఆ 'ఆలోచిద్దాం'కి అర్థం నాకు తెలుసు. పాపం టై అతనికి తెలీదు.

మర్నాడు పొద్దున అతనికన్నా ముందు మా మిర్చి అక్క మెట్లెక్కి వచ్చింది. అక్క అంటే నాకు తోడబుట్టింది కాదు, మా క్లయింటు. మొగుడు పక్షవాతంతో మంచాన పడ్డాక మిర్చి వ్యాపారమంతా ఆవిడే ఎత్తుకుంది. ఆ వ్యాపారంలో ఆవిడ సొంత అక్క మొగుడు, అంటే బావగారు, భాగస్తుడు. ఏళ్ళ తరబడి కొట్టు గడప తొక్కని మనిషి, ఆ ఏడు కాయ రేటు లేచేసరికి మీసం దువ్వుకుంటూ దిగాడు. కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకంతా తన పేర రాసివ్వాలట. ఆవిడ రాయనంది, అయితే సరుకు ఊరు దాటనివ్వనన్నాడు. ఊళ్ళో సగం మందికి ఈ గొడవ తెలుసు, మిగతా సగానికి నేను చెప్పాను.

"తమ్ముడూ, ఇయ్యాల లారీ లోడవుద్ది. నా సరుకే కాదు, నన్ను నమ్మి టిక్కీ బస్తాలు పెట్టిన రైతుల సరుకు కూడా అందులోనే ఉంది. లారీకి ఈ-వే బిల్లు మా గుమాస్తా తీస్తాడు, దానికి లాగిన్ వేరే ఉంది. కానీ మా బావ మన జీఎస్టీ నంబరు రద్దుకి పెట్టాడనుకో, ఆ బిల్లు రాదు. బిల్లు రాకపోతే లారీ గేటు దాటదు. కొన్నవాడు ఇంకోచోట కొనుక్కుని పోతాడు. తర్వాత ఆ రైతుల మొహం నేను చూళ్ళేను. ఆయనిక్కడికే వస్తాడు."

"రానీ అక్కా. నా ప్రాణం తీసిగానీ ఓటీపీ పట్టుకుపోలేడు" అన్నాను, రొమ్ము మీద చరుచుకుని.

"నీ ప్రాణం నాకెందుకురా, ఫోను జాగ్రత్త" అని దిగి వెళ్ళిపోయింది.

ఆవిడ అటు వెళ్ళగానే టై అతను వచ్చాడు, తుమ్మాడు, లాప్‌టాప్ తెరిచాడు. క్లయింటు సరే అనకుండా లెక్క ఎలా ఆగిపోతుందో చూపిస్తున్నాడు. మెట్ల మీద బరువైన అడుగులు వినపడ్డాయి. బావగారు, ఆయన వెనక బస్తాలు మోసే ముఠా కూలీలు ఇద్దరు. పుట్టిన దగ్గర్నుంచి మిర్చి టిక్కీలు మోసిన మెడలు అవి. గుమ్మంలోంచి ఒకరి తర్వాత ఒకరు పక్కకి తిరిగి రావలసి వచ్చింది. ఆఖరివాడు లోపలికొచ్చి తలుపు గడియ పెట్టాడు.

"ఏరా, మీ బాబాయేడి?"

"ఒంగోలు వెళ్ళాడండీ. కూర్చోండి, టీ చెప్తా."

"టీ తర్వాత తాగుదాం. ముందు మా నంబరు రద్దుకి పెట్టు."

"అక్కగారు కూడా ఒక మాట చెప్పాలి కదండీ."

"నేను భాగస్తుణ్ణి కాదంట్రా?"

"భాగస్తులే. సంతకం ఆవిడదండీ."

"సంతకం ఎవడికి కావాలి? ఓటీపీ నీ జేబులోనే గదా వచ్చేది!"

నేను జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆయన తన జేబులోంచి ఒక చీటీ తీశాడు. యూజరు పేరు, పాస్‌వర్డు. అది రాసిచ్చింది మేమే, చేతిరాత నాదే. దాన్ని టై అతని లాప్‌టాప్ మీద పెట్టి, "ఇది పన్జేస్తదా? కొట్టు" అన్నాడు.

"సార్, నేను డెమోకి వచ్చాను సార్."

"ఇదీ డెమోనే" అని అతని చెంప మీద ఒక్కటి ఇచ్చాడు. కళ్ళజోడు ఎగిరి బీరువాకి తగిలింది. అతను వంగి తీసుకుని, ఒక అద్దం లేకుండానే పెట్టుకుని, ఒక కంటితో టైపు కొట్టడం మొదలెట్టాడు.

రద్దు దరఖాస్తు నిండింది. నా జేబులో ఫోను కుయ్యిమంది. నలుగురూ నా గుండెల వైపు చూశారు. నా గుండెని అంత శ్రద్ధగా ఎవరూ ఎప్పుడూ పట్టించుకోలేదు.

"చదువు."

ఫోను తీసి మొహానికి దగ్గరగా పెట్టుకుని, నోటికొచ్చిన అంకెలు చదివాను. టై అతను కొట్టాడు. 'తప్పు' అని ఎర్రక్షరాలు వచ్చాయి. బావగారు నా వైపు తిరగను కూడా లేదు, చెయ్యి మాత్రమే వచ్చింది. గూబ గుయ్యిమంది. చెవిలో ఏదో వెచ్చగా కారింది.

"ఇంకోసారి చదువు."

"ఎనిమిదో తరగతి అండీ నేను. అంకెలు అటూ ఇటూ అవుతుంటాయి" అని ఇంకో తప్పుడు నంబరు చెప్పాను. ఆ మాటకి పక్కనున్న ముఠావాడు నవ్వాడు. నవ్వుతూనే నా ఎడమ చెయ్యి పట్టుకుని, బల్ల సొరుగు లాగి, వేళ్ళు అందులో పెట్టి, మోకాలితో మూశాడు. పత్తికట్టె విరిచినట్టు చప్పుడైంది. నాకు ఆ చప్పుడు ముందు వినపడింది, నొప్పి తర్వాత వచ్చింది. వచ్చాక నేను పెట్టిన కేకకి కింద కొట్లో రేడియో ఆపేస్తారనుకున్నాను. సౌండు పెంచారు.

"చెప్తావా, రెండో చెయ్యి పెట్టమంటావా?"

"సార్," అన్నాడు టై అతను, "టైం అయిపోయింది సార్. ఆ ఓటీపీ ఇంక పన్జెయ్యదు. మళ్ళీ పంపమనాలి."

"అయితే పంపమను."

అప్పుడు అర్థమైంది నాకు. కొత్త ఓటీపీ వచ్చినప్పుడల్లా తన్నులు కూడా మొదటి నుంచీ మొదలవుతాయి. మళ్ళీ కుయ్యిమంది ఫోను. ఈసారి వాళ్ళు అడగలేదు. ఒకడు నా జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు, ఇంకొకడు ఫోను లాక్కోబోయాడు. నేను వదల్లేదు. ధైర్యం కాదు, విరిగిన చేతి నొప్పికి రెండో చేతి వేళ్ళు బిగుసుకుపోయి విడివడలేదు. ముగ్గురం కలిసి బల్ల మీద పడ్డాం, బల్ల మా మీద పడింది. ఫోను ఎగిరి గచ్చు మీద పడి మూడు ముక్కలైంది. వెనక డొప్ప ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు పోయాయి. నన్ను బోర్లా పడేసి ఒకడు నా వీపు మీద మోకాలేసి కూర్చున్నాడు. నా చెంప గచ్చుకి అంటుకుపోయింది. కళ్ళు తెరిస్తే పెదాల ముందు, ఒక దోసగింజంత దూరంలో, సిమ్ము.

ఆలోచించలేదు. నాలుక చాపి నాకేశాను.

"ఫోనులో సిమ్ము లేదన్నా" అన్నాడు రెండోవాడు, ముక్కలు ఏరుతూ. బల్ల కింద వెతికారు, బీరువా కింద వెతికారు. బావగారు నా మొహం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "సిమ్మేదిరా?"

నేను మాట్లాడలేదు. నోట్లో సిమ్ముంటే ఏం మాట్లాడతాం? మాట్లాడకుండా ఉండటం నా జన్మలో అదే మొదలు. అది చూసే ఆయనకి కోపం వచ్చుంటుంది. "చెప్పరా!" అని నా వీపు మీద రెండు చేతులతో గుద్దాడు. సిమ్ము గొంతులోకి పోయింది.

అక్క కోసం మింగేశాడని ఊళ్ళో తర్వాత కథలుగా చెప్పుకున్నారు. నేను వద్దనలేదు. అసలు సంగతి, గుద్దితే పోయింది. అది ఇప్పటి ఫోన్లలో వేసే గోరంత ముక్క కాదు, పాత పెద్ద సిమ్ము. దాని మూల గొంతుని గీరుకుంటూ దిగింది. ఊపిరాడక నేను గింజుకుంటుంటే, "మింగాడన్నా వీడు!" అన్నాడు వీపు మీదున్నవాడు.

"కక్కించండి."

నన్ను వెల్లకిలా తిప్పి, దవడలు పట్టి విప్పి, ముఠావాడు రెండు వేళ్ళు గొంతులోకి తోశాడు. పొద్దుట్నుంచీ మిరపకాయలు ఎత్తిన వేళ్ళవి. వాటి మంట మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి ఎలా చెప్పాలో తెలీదు. గొంతు, ముక్కు, కళ్ళు ఒక్కసారిగా అంటుకున్నాయి. నషాళానికంటింది. ఏమీ కనపడటం లేదు. కరిచేశాను. నా పళ్ళు వాడి వేల్లోకి ఎముక దాకా దిగాయి, నోరంతా ఉప్పగా నెత్తురు. వాడు ఎద్దులా రంకె వేసి రెండో చేత్తో నా మొహం మీద గుద్దడం మొదలెట్టాడు. నేను వదల్లేదు. వాడూ ఆపలేదు. ఎవరు ముందు వదులుతారన్నదే మిగిలింది మా మధ్య. ఆ పంతంలో ఓటీపీ సంగతి ఇద్దరం మర్చిపోయాం. పక్కనుంచి బావగారు డొక్కలో తంతున్నాడు. ఆయన చెప్పుల్లో ఒకటి ఊడిపోయింది. అది వేసుకోడానికి ఆగి, వేసుకుని, మళ్ళీ తన్నాడు.

అప్పుడు టై అతను లేచాడు. అంతదాకా ఒక కంటితో అంతా చూస్తూ కూర్చున్న మనిషి, లాప్‌టాప్ మూసి, రెండు చేతులతో ఎత్తి, నా మీదున్నవాడి నెత్తిన మోదాడు. ఇంకోసారి మోదాడు. మూత ఒకవైపు, కింద భాగం ఒకవైపు అయ్యేదాకా మోదాడు. వాడు పక్కకి ఒరిగాడు. టై అతను గడియ తీసి మెట్ల మీద నిలబడి, "చంపేస్తన్నారు! చంపేస్తన్నారు!" అని అరిచాడు. గుంటూరు నుంచి వచ్చినప్పట్నుంచీ ఎంతో మర్యాదగా మాట్లాడినవాడు, ఆ ఒక్క క్షణం అచ్చం మావాడిలా అరిచాడు.

కింద రేడియో ఆగింది. మందుల కొట్టు వాళ్ళు, వాళ్ళ దగ్గర పత్తి మందు కొనడానికొచ్చిన రైతులు, చేతికందిన స్ప్రేయరు గొట్టాలతో పైకొచ్చారు. ఆ ఇరుకు మెట్ల మీద ఎవరు ఎవర్ని కొట్టారో ఎవరికీ తెలీదు. మందు కొనుక్కుని పోదామని వచ్చిన ఒక పెద్దాయన చెవి తెగింది, అది మాత్రం మావాళ్ళ పనే. బావగారి నుదురు ఇనుప కమ్మీకి తగిలి చీలింది. మొహం మీద నెత్తురు కారుతుంటే రోడ్డు మీద నిలబడి పైకి చూస్తూ, "నువ్వు దొడ్డికెళ్ళేదాకా ఇక్కడే కాపలా ఉంటాన్రా!" అన్నాడు. అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది నాకు. నవ్వితే డొక్కలో పొడిచినట్టైంది, ఆపేశాను.

మందుల కొట్టాయన నన్ను లేపి గోడకి ఆనించాడు. నా సొంత ఫోను చార్జింగులో మోగుతోంది. ఆయనే చెవి దగ్గర పెట్టాడు. అక్క.

"తమ్ముడూ, బిల్లొచ్చింది. లారీ గేటు దాటింది. మా బావ వచ్చాడా ఏంటి?"

"ఊ" అన్నాను. గొంతులోంచి అంతకన్నా రాలేదు.

చీరాల ఆసుపత్రిలో వేళ్ళకి కట్టు కట్టారు, చెవికి దూది పెట్టారు. ఫొటో తీస్తే కడుపులో సిమ్ము ఏటవాలుగా పడుకుని ఉంది. డాక్టరు దాన్ని చాలాసేపు చూశాడు. "ఇది రావలసిన దారిలోనే వస్తుంది. అరటిపళ్ళు తిను" అన్నాడు. ఒంగోలు నుంచి నేరుగా అక్కడికే వచ్చిన బాబాయి నా మంచం పక్కన కూర్చుని, నా కట్లన్నీ తడిమి, కళ్ళు తుడుచుకుని, "ఒరేయ్, రేపే ఆఖరు తేదీరా" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది మాకిద్దరికీ. జీఎస్టీ లెక్కలకి మర్నాడే ఆఖరు. ఊరందరి ఓటీపీలు నా కడుపులో ఉన్నాయి.

పొద్దున్నే బాబాయి వెళ్ళి, వేలిముద్ర వేసి, అదే నంబరుకి కొత్త సిమ్ము తెచ్చాడు. ఫోన్లో వేశాం. కాల్సు వస్తున్నాయి, మెసేజీ మాత్రం రాదు. కొట్టువాణ్ణి అడిగితే, "సిమ్ము మారిస్తే ఒక రోజంతా మెసేజీలు రావండీ, మోసాలు జరక్కుండా" అన్నాడు. ఎంత మంచి ఏర్పాటో. మెయిళ్ళు అడిగితే, "మీ నంబరుకి కోడు పంపాం" అన్నాయి.

మధ్యాహ్నానికి కబురు ఊరంతా పాకింది. ఫోన్లు మొదలయ్యాయి. ముందు నా ఆరోగ్యం అడిగేవాళ్ళు, తర్వాత గొంతు తగ్గించి, "వచ్చిందా?" అనేవాళ్ళు. సాయంత్రానికి ఫోన్లు ఆగిపోయాయి, మనుషులొచ్చారు.

జిన్నింగు మిల్లాయన మెట్లెక్కుతూనే బాబాయి చొక్కా పట్టుకున్నాడు. "నా లెక్క నీ అన్నకొడుకు కడుపులో ఉందేంటయ్యా? ఫైను ఎవడు కడతాడు?" బాబాయి ఏదో చెప్పబోయాడు. ఈలోగా గోతాల వ్యాపారి వచ్చి బాబాయి చెంప పగలగొట్టాడు. ఇరవై ఏళ్ళుగా మా ఆఫీసులో టీ తాగినవాడు ఆయన. ఒకసారి చెయ్యి లేస్తే మిగతా చేతులకి సిగ్గు పోతుంది. కుర్చీ ఒకటి కిటికీలోంచి రోడ్డు మీద పడింది. ఫ్యాను రెక్క వంచేశారు. ఎరువుల కొట్టాయన ఆ పాత కంప్యూటరు ఎత్తి, "ఇది గదా మమ్మల్ని ముంచింది!" అని మెట్ల మీద నుంచి దొర్లించాడు. అది ఒక్కో మెట్టూ దిగుతూ ఒక్కో ముక్క విడిచింది. దాని వెనక పుల్ల ఎటుపోయిందో ఇప్పటికీ దొరకలేదు. బాబాయి పెదవి చీలింది. ముక్కులోంచి కారిన నెత్తురు ఆయన తెల్లచొక్కా మీద పడుతుంటే, కింద పడ్డ బిల్లులు తడుస్తాయని వాటిని కాలితో పక్కకి జరుపుతున్నాడు.

నేను మూలన స్టూలు మీద కట్లతో కూర్చుని ఉన్నాను. అంత కొట్లాటలోనూ నా మీద ఒక్కడు చెయ్యి వెయ్యలేదు. లోపల తమ సరుకుందని భయం.

అందరూ వెళ్ళాక బాబాయి గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. తడిగుడ్డ మూతి మీద పెట్టుకున్నాడు. ఒంగోలాయన సాఫ్ట్‌వేరు కాగితాలు ఆయన కాలి దగ్గరే పడి ఉన్నాయి, వాటి మీద ఎవరిదో చెప్పు ముద్ర. చివరికి, "ఆ టై అబ్బాయికి ఫోన్ చెయ్యరా" అన్నాడు. నాకు అర్థమైందా లేదా అని అడగలేదు.

టై అతను వచ్చాడు, కొత్త కళ్ళజోడు, టై లేదు. "ఈసారి కింద కొట్లో చూపిస్తాను సార్" అన్నాడు. మందుల డబ్బాల మధ్య కూర్చుని చూపించాడు. అతని లాప్‌టాప్ మేమే కొనిచ్చాం. వద్దంటాడేమోనని మొహమాటానికి అడిగితే, వద్దనలేదు.

ఆ తర్వాత పనంతా నాది. ఊరూరా తిరిగి, ప్రతి వ్యాపారి సొంత నంబరూ రాయించుకుని, పాతది తీయించి కొత్తది ఎక్కించడం. కట్టుతో బండి తోలలేక ఆటోల్లో తిరిగాను. "మాకెందుకయ్యా ఈ గోల, నీ దగ్గరే ఉంచుకో" అన్నవాళ్ళే ఎక్కువ. వాళ్ళకి నా వేళ్ళు చూపించాల్సి వచ్చేది. సొంత నంబరు చేతికి రాగానే జిన్నింగు మిల్లాయన చీరాల్లో ఇంకో కన్సల్టెంటు దగ్గరికి పోయాడు. ఆయన వెనక ఇంకొందరు. బాబాయి భయపడిందంతా జరిగింది. ఆయన ఎవరినీ ఆపలేదు. ముక్కు ఇంకా వాచే ఉంది.

బావగారి సంగతి పెద్దమనుషులు కూర్చుని తెంచారు. వ్యాపారం ఒక్కరి పేరు మీదే అయింది, అక్క పేరు మీద. నా వేళ్ళకి ఆసుపత్రి ఖర్చు ఆయన పెట్టుకోవాలని, ఆయన మనిషి వేలికి నేను పెట్టుకోవాలని తీర్పిచ్చారు. ఆ వేలు మానడానికే ఎక్కువ రోజులు పట్టిందట.

అక్క నంబరు ఆఖర్న మార్చాను. ఆవిడ కొట్టు ముందు పట్టా పరిచి, ఆడవాళ్ళు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. అక్క కూడా వాళ్ళ మధ్యే కూర్చుని ఉంది. ఆవిడ ఫోను కుయ్యిమంది. కళ్ళజోడు పైకి తోసి, అంకెలు ఒక్కొక్కటే గట్టిగా చదివింది. పన్జేసింది.

"ఇంకమీద అంతా నీ ఫోనుకే వస్తది అక్కా. ఎవడికీ చెప్పమాక" అన్నాను.

"ఊ" అంది, కాయలు ఏరుకుంటూ.

నా పని అయిపోయింది, లేచి రావాలి. లేవలేదు. కట్టు విప్పిన వేళ్ళు ఆవిడ ముందు చాపాను. ఒకటి ఇప్పటికీ పక్కకి చూస్తుంటుంది.

"ఏందక్కా, నీ నంబరు కోసం వేళ్ళు విరగ్గొట్టించుకున్నా, సిమ్ము మింగా, ఊళ్ళో నవ్వులపాలయ్యా. సొంత తమ్ముడైనా ఇంత చేస్తాడా? ఒక్క మంచి మాటన్నా అనవేంటి?"

ఏరుతున్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. అక్క నా వేళ్ళ వైపు చూసింది, తర్వాత నా మొహం చూసింది.

"అంటాలేరా, ఎక్కడికి పోద్దది. ముందు నాకిది చెప్పు. కాయలు నావి, లారీ నాది, కొట్టుకునే బావ కూడా నా బావే. ఇన్నాళ్ళూ నా నంబరు నీ జేబులో ఏం చేస్తందిరా?"